పెన్న పుట్టిన గడ్డికొండ

బెంగళూరులో ఉండే తెలుగువాళ్లు కొండ అనగానే సాధారణంగా నంది కొండనే తలుచుకుంటారు. ఊరికి ఉత్తరాన సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో, 1478 మీటర్ల ఎత్తున, పైదాకా తారు రోడ్డుతో, యోగనందీశ్వరుడి గుడితో, టిప్పు కాలపు కట్టడాలతో ఉన్న ఆ కొండకు చీకటితో బయలుదేరి వెళ్లి, సూర్యోదయం చూసి, దిగివచ్చి ఫలహారం చేసి, మధ్యాహ్నానికి ఇల్లు చేరుకోవడం ఇక్కడ ఎన్నో కుటుంబాలకు అలవాటు. నేను రాయబోయేది దాని గురించి కాదు. అదే వరుసలో, దానికి పొరుగున, కొందరు చెన్నగిరి అనీ కొందరు చెన్నకేశవ బెట్ట అనీ పిలిచే కొండ ఒకటి ఉంది. పెన్నానది జన్మస్థానంగా భూగోళ పుస్తకాలు పేర్కొనే చెన్నకేశవ కొండ అదే. మా ఇంట్లో మాత్రం దాన్ని గడ్డికొండ అనేవాళ్లం. చిన్ననాటి నుంచి ఇప్పటిదాకా నేను ఎక్కువగా నడిచిన కొండ అది, నాకు అన్నిటికన్నా ఇష్టమైన కొండ కూడా అదే.

మా సొంత ఊరు కడప జిల్లాలో, జమ్మలమడుగుకు దగ్గరగా, పెన్న ఒడ్డున ఉంది. నది ఒడ్డున పుట్టామని చెప్పుకుంటామే కాని, మా ఊరివాళ్లు నీళ్లు చూసిన రోజులకన్నా ఇసుక చూసిన రోజులే ఎక్కువ. ఏడాదిలో చాలా భాగం అటు గట్టు నుంచి ఇటు గట్టు దాకా ఇసుకే పరుచుకుని ఉండేది. ఎండాకాలంలో ఆడవాళ్లు ఆ ఇసుకలో చెలమ తోడి, నీళ్లు ఊరేదాకా పక్కన కూర్చుని, చిప్పతో తోడి బిందెలు నింపుకునేవారు. మావైపు పెన్నను పేరుపెట్టి పిలిచేవాళ్లు తక్కువ, ఏరు అంటే అదే. ఎప్పుడో వానాకాలం చివర, మా ఊళ్లో చినుకు కూడా పడని రోజున, పైనుంచి నీళ్లు దిగేవి. అప్పుడు ఎవరో ఒకరు ‘ఏరొచ్చింది’ అని కేక వేసేవారు, ఊరంతా గట్టు మీదికి పరుగెత్తేది. ఎక్కడ కురిసిన వానో, ఏ కొండ మీద పడ్డ చినుకో మా ముందునుంచి ఎర్రగా పారిపోతుంటే, ఆ పైన ఏముందన్న ప్రశ్న నాయనకు చిన్నప్పుడే పట్టుకుందట. మా అబ్బను అడిగితే, ‘పైన ఇంకో ఊరు ఉంటాది, దాని పైన ఇంకోటి ఉంటాది’ అని మాత్రం చెప్పేవాడట.

నాయన 1970ల్లో ఉద్యోగం కోసం బెంగళూరు వచ్చి, జాలహళ్ళిలోని గడియారాల కర్మాగారంలో చేరాడు. మత్తికెరెలో చిన్న అద్దె ఇంట్లో మేము పెరిగాము. కర్మాగారంలో నాయన పక్క బల్ల మీద పనిచేసేవాళ్లలో చిక్కబళ్ళాపురం ప్రాంతానికి చెందిన ఒకాయన ఉండేవాడు. బయట కన్నడం మాట్లాడేవాడే కాని, ఇంట్లో తరతరాలుగా తెలుగే. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర మా ఊరి ప్రస్తావన వచ్చి పెన్న పేరు వినగానే, ఆయన తింటున్న చెయ్యి ఆపి, ‘అన్నా, మీ పెన్న పుట్టింది మా కొండలోనే కదా!’ అన్నాడట. ఆ సాయంత్రం నాయన ఇంటికి వచ్చి మా అమ్మకు ఆ సంగతి చెప్పిన తీరు నాకు ఇంకా గుర్తుంది. చొక్కా కూడా మార్చుకోకుండా, బెంగళూరుకు ఉత్తరాన ఏముందో, అక్కడికి ఏ బస్సు పోతుందో లెక్కలు వేయడం మొదలుపెట్టాడు.

1980ల చివర, వానలు వెనకబట్టిన ఒక నవంబరు ఆదివారం నాడు మేము మొదటిసారి వెళ్లాము. ఆ చిక్కబళ్ళాపురం చిన్నాయనే మమ్మల్ని మెజెస్టిక్ బస్‌స్టాండులో కలిసి వెంట తీసుకుపోయాడు. అప్పటికి దేవనహళ్ళి దగ్గర విమానాశ్రయం లేదు. యలహంక దాటితే రెండు పక్కలా ద్రాక్షతోటలు, మల్బరీ మడులు, రాగిచేలు, అక్కడక్కడ దేవనహళ్ళికి పేరు తెచ్చిన చక్కోత (పంపర పనస) చెట్లు కనిపించేవి. ద్రాక్ష పందిళ్ల వెనక, ఆకాశం అంచున, నీలంగా ఆ కొండల వరుస మొదలయ్యేది. దారిలో చిన్నాయన ముద్దేనహళ్ళి ఎటువైపు ఉందో చూపించాడు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు, ఆయన సమాధి ఉన్న ఊరు కూడా అదే. ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం నుంచి వలస వచ్చిన కుటుంబంలో, ఇన్ని నదులు పుట్టే కొండల కింద పెరిగిన మనిషి జీవితమంతా నీళ్లకు ఆనకట్టలు కట్టడంలో గడపడం నాయనకు ఎంతో సహజంగా తోచింది. ఆ తరువాత ఆ ఊరి మీదుగా వెళ్లిన ప్రతిసారీ ఆయన ఆ మాట అనకుండా ఉండేవాడు కాదు.

బస్సు దిగి, కొండ కింద పల్లెలోంచి నడుస్తుంటే, అరుగుల మీద కూర్చున్న ముసలివాళ్లు మమ్మల్ని తెలుగులోనే పలకరించారు. కన్నడ రాష్ట్రంలో మా జమ్మలమడుగు మాటతీరును పోలిన తెలుగు వినపడటం నాకు వింతగా అనిపించింది. ఆ ప్రాంతంలో బాగేపల్లి, గౌరీబిదనూరు, చిక్కబళ్ళాపురం పల్లెల్లో రెండు భాషలూ ఒకే నోట పలుకుతాయన్న సంగతి నాకు తరువాత తెలిసింది. పెన్న కూడా ఆ దారినే పోతుంది. గౌరీబిదనూరు మీదుగా వెళ్లి, హిందూపురం దగ్గర ఆంధ్ర నేలలో అడుగుపెట్టి, పామిడి, తాడిపత్రి దాటి మా ఊరికి చేరుతుంది.

కొండ అడుగున గడ్డి ఉండదు. నీలగిరి చెట్ల తోపు, ఆ తరువాత లాంటానా పొదలు, బందారు మొక్కలు, సీతాఫలం చెట్లు, వాటి మధ్యన మేకలు వేసిన సన్నని బాటలు ఉంటాయి. కొంత దూరం బండరాళ్లు ఎక్కవలసి వస్తుంది. అవి సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి నల్లరాతి బండలు. ఎండకు, వానకు పొరలు పొరలుగా ఊడి గుండ్రంగా అయినవి కొన్ని, నిలువునా చీలినవి కొన్ని. ఆ గుండ్ల మధ్యనుంచి దూరి పైకి రాగానే కొండ ఒక్కసారిగా వాలు తగ్గి విశాలమవుతుంది. అక్కడినుంచి శిఖరం దాకా గడ్డి తప్ప మరేమీ లేదన్నట్టు కనిపిస్తుంది. మొదటిసారి ఆ అంచు దాటినప్పుడు గడ్డి నా తలకన్నా ఎత్తుగా ఉంది. ముందు నడుస్తున్న నాయన భుజాలు మాత్రమే నాకు కనిపించేవి, చిన్నాయన తలపాగా ఇంకొంచెం దూరంలో గడ్డి మీద తేలుతున్నట్టు కదిలేది.

ఆ గడ్డి అంతా ఒకే రకం కాదని నాకు నేర్పింది నాయనే. కొండకు పడమటి వాలున బోద ఎక్కువ. ఆకు నలిపితే నిమ్మ వాసన వస్తుంది. రాయలసీమలో కొట్టాలకు కప్పు వేసేది ఆ బోదతోనే. మా జేజి పుట్టింటి బోదకొట్టం గురించి, రెండు మూడేళ్లకొకసారి దాని కప్పు మార్చేటప్పుడు ఇల్లంతా నిండిపోయే పచ్చి వాసన గురించి నాయన ఆ వాలు మీద నిలబడే చెప్పాడు. శిఖరానికి దగ్గరగా, మట్టి మరీ పలచగా ఉన్న చోట పందిముల్లు గడ్డి మొలుస్తుంది. దాని గింజ ఒక చివర సూదిలాగా ఉంటుంది, రెండో చివర పొడవైన తోక ఉంటుంది. ఆ తోక ఎండినప్పుడు మెలి తిరుగుతుంది, తేమ తగలగానే మెలిక విప్పుకుంటుంది. రాత్రి మంచుకు తడిసి పగలు ఎండకు ఆరే కొద్దీ అలా తిరుగుతూ తిరుగుతూ గింజను నేలలోకి దింపుతుంది. గింజ ముదిరిన రోజుల్లో ఆ వైపు నడిస్తే ప్యాంటు నిండా గుచ్చుకునేది. ఇంటికి వచ్చాక మా అమ్మ గడపలో కూర్చుని ఒక్కొక్కటే పీకేది. నాయన వాటిలో కొన్నింటిని గిన్నెలో నీళ్లు పోసి వేసి, తోకలు మెల్లగా తిరగడం మాకు చూపించేవాడు. గడియారం ముల్లును రోజంతా చూసే మనిషికి ఆ గింజ అంటే ప్రత్యేకమైన గౌరవం ఉండేది.

ఆ కొండ నిశ్శబ్దంగా ఉంటుందని అందరూ అంటారు. నిజానికి అక్కడ చప్పుడు ఎప్పుడూ ఉంటుంది, అది మనుషులది కాదు, అంతే. ఆగస్టులో పచ్చిగడ్డి మీద గాలి వీస్తే వినీ వినపడనట్టుగా ఉంటుంది. జనవరిలో ఎండుగడ్డి మీద అదే గాలి వీస్తే గలగలమని కొండంతా పలుకుతుంది. కళ్లు మూసుకుని నిలబడితే ఏ నెలలో ఉన్నామో చెప్పవచ్చునని నాయన అనేవాడు. నేను ఆ పరీక్షకు చాలాసార్లు నిలబడ్డాను. గడ్డిలో కౌజులు ఒకదానికొకటి బదులు పలుకుతాయి. గుండ్ల మధ్య పొదల్లో పసుపు గొంతు పికిలి పిట్ట ఉంటుంది, కాని కనిపించడం కష్టం. దక్షిణ భారతంలోని ఇటువంటి రాతికొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేని పిట్ట అది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండల్లోనూ, ఈ నంది వరుసలోనూ దాన్ని చూడటానికి పక్షులను గమనించేవాళ్లు దూరదూరాల నుంచి వస్తారు.

మొదటిసారి వెళ్లినప్పుడే మాకు ఒక గొర్రెల కాపరి కలిశాడు. భుజాన కంబళి, చేతిలో పొడుగాటి కొడవలి కర్ర, వయసు అరవై దాటి ఉంటుంది. ‘యాడనుంచి వస్తిరప్పా?’ అని ఆయన తెలుగులో అడిగాడు. నాయన ఊరి పేరు, ఏటి పేరు చెప్పి, పెన్న పుట్టిన చోటు చూడాలని వచ్చామన్నాడు. ఆయన కాసేపు ఆలోచించి, గొర్రెలను వెంట ఉన్న పిల్లవాడికి అప్పగించి, మమ్మల్ని ఉత్తరపు వాలు మీదుగా ఒక పెద్ద బండ కిందికి తీసుకుపోయాడు. బండకు కింద సన్నని చీలిక, చీలిక కింద అరచెయ్యంత తడి, ఆ తడిలోంచి కారి, గడ్డి దుబ్బుల మధ్యన దారి చేసుకుని పోతున్న ఒక పాయ ఉన్నాయి. పాయ వెడల్పు నా రెండు వేళ్లంత కూడా లేదు.

‘ఇదేనా పెన్న?’ అని నాయన అడిగాడు.

‘పెన్నో ఇంకోటో నాకు తెల్దు సామీ. వానొస్తే కొండంతా నీళ్లే. వాన పోయినాక మాత్రం గడ్డి ఉండే పక్క ఈ ఊట ఉంటాది, గడ్డి కాలిన పక్క ఉండదు. నేను చిన్నప్పటినుంచి చూస్తాండా’ అన్నాడు ఆ కాపరి.

ఆ మాటే నాయనకు పట్టుకుంది. నది పుట్టిన చోటు చూడాలని వచ్చినవాడు, ఆ రోజు నుంచి గడ్డిని చూడటం మొదలుపెట్టాడు. ఆ తరువాత వెళ్లిన ప్రతిసారీ తన సంచిలో ఒక స్టీలు గ్లాసు పెట్టుకునేవాడు. బండ చీలిక కింద గ్లాసు పట్టి, అది నిండటానికి ఎంతసేపు పట్టిందో చేతి గడియారంలో చూసి, ఒక చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. పక్కనే తారీఖు, ఆ వారం వాన పడిందా లేదా అన్నది, ఊట పై వాలున గడ్డి ఎలా ఉందన్నది రాసేవాడు. వాన కురిసిన మర్నాటి ధార గురించి ఆయనకు పెద్దగా ఆసక్తి లేదు. ఫిబ్రవరిలో, మార్చిలో, ఆకాశంలో మబ్బు తునక లేని రోజుల్లో గ్లాసు నిండటమే ఆయనకు ముఖ్యం. పై వాలు కాలిపోయిన ఏడాది గ్లాసు నిండటానికి మేము తెచ్చుకున్న జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిమిండి తినడం పూర్తయ్యేంత సేపు పట్టేది. ఒక ఏడాది అసలు నిండలేదు. గడ్డి నిలిచిన ఏడాది ఎండాకాలం మొదలయ్యాక కూడా ధార తెగేది కాదు.

అందులో మర్మమేమీ లేదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆ కొండ మీద మట్టి చాలా పలచన, కొన్నిచోట్ల జానెడు కూడా ఉండదు, దాని కింద అంతా గట్టిరాయే. వాన ఆ మట్టి మీద నేరుగా పడితే మట్టినీ కడుక్కుని, రాతి మీదుగా జారి, పూట తిరగకముందే చెరువులోకి పోతుంది. గడ్డి ఉంటే చినుకు ముందు ఆకు మీద పడి, దుబ్బు మీదుగా మెల్లగా దిగి, వేళ్ల అల్లికలో ఇంకి, అక్కడినుంచి రాతి చీలికల్లోకి దిగుతుంది. చీలికల్లో చేరిన నీరు కొన్ని నెలల పాటు కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. ఊట అంటే అదే. పెద్ద చెట్లు నిలబడటానికి చాలినంత మట్టి లేని చోట ఈ పని చేయగలిగింది గడ్డి ఒక్కటే.

శిఖరం మీద ఒక బల్లపరుపు బండ ఉంది. అక్కడ కూర్చుంటే ఒకవైపు నంది కొండ భారీ గోడ, మరోవైపు స్కందగిరి, కింద చెరువులు, పొలాలు కనిపిస్తాయి. నాయన అక్కడ కూర్చుని మాకు నదులు చెప్పేవాడు, నాకు భూగోళం వచ్చింది ఆ బండ మీదనే. ఈ కొండల వరుసలోనే ఉత్తరానికి పోయే పెన్న పుడుతుంది, దక్షిణానికి పోయే పెన్న కూడా పుడుతుంది. దక్షిణ పినాకిని అనే ఆ రెండోది హొసకోట మీదుగా తమిళనాడులోకి వెళ్లి కడలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పాలారు ఈ ప్రాంతంలోనే పుట్టి, కుప్పం మీదుగా కాసేపు ఆంధ్రలో నడిచి, తమిళనాడు దాటి చెన్నైకి దక్షిణాన సముద్రం చేరుతుంది. అర్కావతి నంది కొండల్లో పుట్టి బెంగళూరుకు పడమరగా పోయి కావేరిలో కలుస్తుంది. చిత్రావతి చిక్కబళ్ళాపురం దగ్గర పుట్టి, బాగేపల్లి, పుట్టపర్తి మీదుగా తిరిగి, చివరికి గండికోట దగ్గర పెన్నలో కలుస్తుంది. ఇరుగుపొరుగు కొండల్లో పుట్టిన రెండు నదులు వేరువేరు దారులు చుట్టి, మా ఊరికి కొద్ది దూరంలో, గండికోట లోయలో ఒకటి కావడం విని నాకు ఎంతో గర్వం కలిగింది, అదేదో మా ఇంటి విశేషమైనట్టు. అక్కడినుంచి సోమశిల, నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసేటప్పటికి పెన్న మొత్తం 597 కిలోమీటర్లు నడుస్తుంది.

‘ఈ బండకు ఆ పక్క పడిన చినుకు ఒక సముద్రపు ఒడ్డుకు, ఈ పక్క పడిన చినుకు ఇంకొక ఒడ్డుకు పోతాది. గాలి ఎటు తోస్తే అటు’ అని నాయన అనేవాడు. నేను బండ మీద నీళ్లసీసా వంచి రెండు వైపులా పోసేవాణ్ని. మా అమ్మ ఒకసారి మాత్రమే మాతో వచ్చింది. పైన కూర్చుని చుట్టూ చూసి, ‘బెంగళూరులో మనం తాగిన నీళ్లు కూడా ఈ కొండవేనా?’ అని అడిగింది. 1894లో కట్టిన హెసరఘట్ట చెరువు, ఆ తరువాత 1930ల్లో కట్టిన తిప్పగొండనహళ్ళి జలాశయం అర్కావతి మీదివే. 1974లో కావేరి నీళ్లు వచ్చేదాకా బెంగళూరుకు ఆధారం ఆ నదే. నాయన ఆ సంగతి చెప్పగానే ఆమె కొంగు సర్దుకుని కొండకు చేతులు జోడించి నమస్కారం చేసింది. మా అమ్మ పెద్దగా దైవభక్తి చూపించే మనిషి కాదు కాబట్టి ఆ నమస్కారం నాకు గుర్తుండిపోయింది.

నేను ఉద్యోగంలో చేరిన తరువాత కొన్నేళ్లు కొండకు వెళ్లడం తగ్గింది. మళ్లీ క్రమంగా వెళ్లడం మొదలుపెట్టేటప్పటికి ఆ ప్రాంతమంతా మారిపోయింది. 2008లో దేవనహళ్ళి విమానాశ్రయం వచ్చాక ద్రాక్షతోటల స్థానంలో లేఅవుట్లు వచ్చాయి, రోడ్డు వెడల్పయింది, శనాదివారాల్లో కొండల వైపు బండ్ల వరుస మొదలైంది. స్కందగిరికి రాత్రిపూట ఎక్కి మేఘాలు చూడటం ఒక వేలంవెర్రి అయింది. ఇప్పుడు దానికి అటవీశాఖ వారి దగ్గర ముందుగా అనుమతి తీసుకోవాలి. అది సబబే. జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని పరిస్థితి వచ్చింది. నీలగిరి తోపులు భూగర్భజలాన్ని పీల్చేస్తున్నాయన్న ఆందోళన పెరిగి, 2017లో కర్ణాటక ప్రభుత్వం వాటిని కొత్తగా నాటడాన్ని నిషేధించింది. బెంగళూరులోని హెబ్బాళ, నాగవార లోయల మురుగునీటిని శుద్ధిచేసి పైపుల్లో చిక్కబళ్ళాపురం చెరువులకు పంపుతున్నారు. ఒకప్పుడు ఈ కొండల నీళ్లు తాగి పెరిగిన నగరం, ఈ కొండల కిందికే వాడిన నీళ్లు తిప్పి పంపవలసి రావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు భారమవుతుంది. చెరువులు నిండితే రైతుకు మేలే, దాన్ని కాదనలేను. కాని పైనున్న గడ్డిని కాపాడి ఉంటే కింద ఇంత కరువు ఉండేదా అన్న ప్రశ్న నన్ను వదలదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది నిప్పు. జనవరి నుంచి మార్చి దాకా ఎండుగడ్డి ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. కొన్నిసార్లు లేతగడ్డి త్వరగా వస్తుందని కిందివాళ్లే పెడతారు, కొన్నిసార్లు ఎవరో పారేసిన బీడీ, ఎవరో రాజేసిన పొయ్యి చాలు. అటవీశాఖ సిబ్బంది ఎండలు ముదరకముందే గడ్డి కోసి, మంటలు దాటిపోకుండా బాటలు తీస్తారు. మంట లేచినప్పుడు పచ్చి కొమ్మలు పట్టుకుని కొడుతూ రాత్రంతా కొండ మీద ఉండేది వాళ్లే. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. మంచి మనసుతోనే వచ్చి, గడ్డివాలు మీద గుంతలు తవ్వి, మొక్కలు నాటిపోయే బృందాలను నేను చూశాను. చెట్టు లేని కొండను బోడికొండ అనుకోవడం వల్ల జరిగే పని అది. గుంత తవ్విన చోట గడ్డి దుబ్బు చస్తుంది, వేసవికి మొక్క ఎండిపోతుంది, తరువాతి వానకు ఆ గుంతలోని మట్టి కొట్టుకుపోయి రాయి తేలుతుంది. గడ్డికొండకు మనం చేయగలిగిన మేలు దాన్ని గడ్డికొండగా ఉండనివ్వడమేనని నేను ఇన్నేళ్లుగా చూసి నమ్ముతున్నాను. మొక్కలు నాటాలనుకునేవారికి కింద పల్లెల్లో, చెరువు కట్టల మీద చోటుకు కొదవలేదు.

2021 నవంబరులో వానలు కురిసిన తీరు ఆ ప్రాంతంలో ఎవరూ మరిచిపోరు. ఏళ్ల తరబడి ఎండిపోయిన చెరువులు మత్తడి దూకాయి. వాన తెరిపి ఇచ్చిన ఒక ఉదయం నేను, మా అమ్మాయి కొండకు వెళ్లాము. ఉత్తరపు వాలున ఏ బండ కింద చూసినా ధారే, గడ్డి దుబ్బుల మధ్యన అడుగు వేస్తే చెప్పులు మునిగేవి. నాయన పుస్తకంలో రాసిన బండను వెతికి పట్టుకునే అవసరమే లేకపోయింది. అదే నెలలో జమ్మలమడుగు నుంచి మా పెదనాయన కొడుకు ఫోన్ చేసి, ‘ఏరొచ్చింది, గట్టు పట్టనంత వస్తాంది’ అని చెప్పాడు. ఆ వరద కడప, నెల్లూరు జిల్లాల్లో ఎందరికో తీరని నష్టం తెచ్చింది కాబట్టి దాన్ని సంతోషంగా చెప్పుకోలేను. కాని ఆ ఫోన్ వచ్చినప్పుడు, చిన్నప్పుడు గట్టు మీద నిలబడి పైన ఏముందని అడిగిన మనిషి పక్క గదిలోనే ఉన్నాడు. వార్త వినగానే, ‘పై వాలున మట్టి ఏమన్నా జారిందా?’ అని మొదట నన్ను అడిగాడు. గడ్డి ఉన్న చోట జారలేదని, గుంతలు తవ్విన చోట మాత్రం కోసుకుపోయిందని చెప్పాను.

నాయన ఇప్పుడు కొండ ఎక్కలేడు. మోకాళ్లు సహకరించవు. వెళ్లివచ్చినవాళ్లు చెప్పేది విని పుస్తకంలో రాసుకుంటాడు. ఈ మధ్య ఒక ఫిబ్రవరిలో ఊట పై వాలు చాలా భాగం కాలిపోయింది. వానలు పడ్డాక, జులైలో, మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. శిఖరం దగ్గర సిగ్నల్ బాగుంటుంది కాబట్టి అక్కడినుంచి ఆమె తాతకు వీడియో కాల్ చేసి కొండంతా తిప్పి చూపించింది. పచ్చదనం చూసి ఆయన పొంగిపోలేదు. ‘పాపా, దూరం నుంచి వద్దు, దుబ్బు మొదలు చూపించు. కాలిన మోడు పక్కనుంచి పిలకలు వస్తాండాయా, లేక విత్తనం మొలకలేనా?’ అని అడిగాడు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని దుబ్బు విడదీసి ఫోన్ దగ్గరగా పెట్టింది. నల్లగా కాలిన మోడు చుట్టూ పిలకలు దట్టంగా లేచి ఉన్నాయి. పాత వేళ్లు బతికే ఉన్నాయన్న మాట.

పక్కనే గొర్రెలు మేపుతున్న యువకుడు, చాలాకాలం కిందట మాకు ఊట చూపించిన కాపరి బంధువేనట, మా మాటలు విని దగ్గరికి వచ్చాడు. నాయన అతనితో కూడా మాట్లాడాడు. కాలిన వాలు మీదికి గొర్రెలను ఎప్పుడు తోలుతారని అడిగితే, ‘గడ్డి వెన్ను వేసి గింజ రాలేదాకా ఆ పక్కకు తోలము తాతా, మా పెద్దోళ్లు అట్లనే చెప్పినారు’ అన్నాడు. తరువాత మేము బండ కిందికి దిగి, అదే స్టీలు గ్లాసు చీలిక కింద పెట్టి, నిండటానికి పట్టిన సమయం చెప్పాము. నాయన దాన్ని రాసుకుని, వానాకాలపు లెక్క కాబట్టి దీన్ని పెద్దగా పట్టించుకోవద్దని, గింజ రాలినాక ఒకసారి, మళ్లీ ఫిబ్రవరి చివర ఒకసారి వెళ్లి చూసి రమ్మని చెప్పాడు.